కోటిలింగాల: చిల్లర పైసల మీద రాజుల పేర్లు

ఫిలిష్తీయులు అనగానే బైబిల్ తెలిసినవాళ్లకు గొల్యాతు గుర్తొస్తాడు. చాలాకాలం వాళ్ల గురించి లోకానికి తెలిసిందంతా ఎక్కువగా వాళ్ల శత్రువులు రాసిపెట్టిందే. మధ్యధరా ఒడ్డున వాళ్ల రేవుపట్నం అష్కెలోనును 1985 నుంచి మూడు దశాబ్దాల పాటు తవ్వారు. 2016లో అక్కడి శ్మశానం సంగతి బయటపెట్టారు. ఆ సమాధుల్లో అత్తరు బుడ్లు, నగలు దొరికాయి. గొల్యాతు కథలో కనిపించని మామూలు మనుషులు వాళ్లు.

మన శాతవాహనుల మొదటి రాజులదీ ఇట్లాంటి కథే. తర్వాతి కాలపు పురాణాలు వంశావళి చెప్తాయి కానీ మొదటి రాజు పేరు దగ్గరే తడబడతాయి: ఒకచోట శిశుకుడు, ఇంకోచోట సింధుకుడు. పాత కరీంనగర్ జిల్లాలో, గోదావరిలో పెద్దవాగు కలిసేచోట ఉన్న కోటిలింగాలలో ఆ పేరు నాణేల మీదే దొరికింది. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో: చిముక. నానేఘాట్ గుహలో చెక్కిన సిముకుడు ఇతనే అంటారు.

ధర్మపురి వాసి సంగనభట్ల నరహరిశర్మ ఈ నాణేలను ఓపికగా సేకరించారు. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి అర్థం చెప్పారు. 1979 నుంచి వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వితే మట్టికోట గోడ, ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల నాణేలూ ఇక్కడ దొరికాయి. ఈ పేర్లు ఏ పురాణంలోనూ లేవు. అంటే శాతవాహనుల కన్నా ముందే ఇక్కడ సొంతంగా నాణేలు కొట్టించుకున్న రాజులున్నారు.

నాణెం దొరికినంత మాత్రాన అది రాజధాని అయిపోతుందా? కాదు. శాతవాహనుల పుట్టిల్లు ఇదా, పైఠానా అన్న వాదం తెగలేదు. కానీ ఒక్క మాట ఆలోచించాలి. బంగారం, వెండి దేశాలు తిరుగుతాయి. చిల్లర పైసలు మాత్రం తమ అంగడిని దాటి అంత దూరం పోవు. ఒకే ఊర్లో ఇంతమంది రాజుల చిల్లర దొరికిందంటే, ఆ అంగడి తరాల పాటు నడిచిందన్నమాట.

కోటిలింగాలలో తవ్వింది కొంతే. ఇప్పుడు ఎల్లంపల్లి బ్యాక్‌వాటర్ ఊరి ఒడ్డుదాకా వచ్చింది. పొలంలో ఏరిన నాణెం పేరు చెప్తుంది. ఏ పొరలో, ఏ కుండ పక్కన, ఏ ఇంట్లో ఉండేదో చెప్పలేదు. అది చెప్పగలిగేది మట్టే. అష్కెలోనుకు ముప్పై ఏండ్ల తవ్వకం దక్కింది. చిముకుడి పైసలతో బేరమాడిన మనుషుల కోసం మనం ఎన్నేండ్లు ఇస్తాం?