అమ్మ సైకిల్‌కి ఏ పానా కావాలి?

సైకిల్ అనగానే మనకి చక్రాలు, బెల్లు, ముందు బుట్ట గుర్తొస్తాయి. రెండు పెడళ్ల మధ్య కింద అడ్డంగా ఉండే పొట్టి గొట్టాన్ని ఎవరం పట్టించుకోం. చైను జిడ్డు, వీధి దుమ్ము పేరుకుని నల్లగా ఉంటుంది. షాపుల్లో దాన్ని బీబీ అంటారు, బాటమ్ బ్రాకెట్‌కి పొట్టి పేరు. లోపల ఒక ఇరుసు, అటూ ఇటూ రెండు ఉక్కు కప్పులు, ఒక్కో కప్పులో సాధారణంగా 11 చిన్న ఉక్కు బాల్స్. ఉన్నది ఇంతే. కానీ ఆడవాళ్లు సైకిలెక్కారంటే అందులో ఆ గొట్టం పాలు చాలా ఉంది.

పాత బొమ్మల్లో చూసే ఉంటారు, ముందు చక్రం మనిషంత ఎత్తు, వెనక చక్రం చిన్నది. ఆ బండికి పెడళ్లు ముందు చక్రానికే ఉండేవి. పావడాలు, గౌన్లు కట్టుకున్నవాళ్లు అంత ఎత్తెక్కి తొక్కడం అయ్యే పనా? 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ అనే సైకిల్ తెచ్చాడు. పెడళ్లు చక్రాన్ని వదిలి మధ్యకి వచ్చాయి, చైను వెనక చక్రాన్ని తిప్పింది. చక్రాలు రెండూ ఇంచుమించు సమానమయ్యాయి, సీటు కిందికి దిగింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. 1890ల నాటికి మధ్య కడ్డీ వంచిన లేడీస్ సైకిళ్లు రోడ్ల మీదికొచ్చాయి. మధ్యకొచ్చిన ఆ పెడళ్లని మోసేదే ఈ గొట్టం.

మా ఇంట్లోనూ అలాంటి సైకిల్ ఒకటి ఉంది. మా అమ్మ నర్సుగా ఊళ్లు తిరిగి పిల్లలకి టీకాలు వేసిన సైకిల్. నాన్న పోయాక మమ్మల్ని చదివించింది దాని మీద తిరిగే. ఈ ఏడు మా అమ్మాయి కాలేజీకి అదే కావాలంది. తీరా చూస్తే పెడలు కదలదు, లోపల తుప్పు. షాపతను ఉలీ సుత్తీ తీసి, "దీన్ని కొట్టే తియ్యాలమ్మా. రాకపోతే పాత ఇనుముకి వేసెయ్యండి" అన్నాడు. గొట్టం లోపలి మర ఒకసారి చెడిందంటే కొత్త కప్పు పట్టదు, ఇక ఆ ఫ్రేము ఇనుప సామానే. అందుకే సైకిల్ వెనక్కి తెచ్చుకుని, దీన్ని అసలెలా బిగించారో తెలుసుకుందామని కూర్చున్నాను.

మొదట కాటర్ పిన్ను. పెడలు చేతిని ఇరుసుకి పట్టి ఉంచే చీల ఇది, ఒకవైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. రాత్రంతా తుప్పు వదిలించే నూనెలో నాననివ్వాలి. నట్టుని పూర్తిగా తియ్యకుండా పిన్ను కొసకి సమంగా ఉంచితే దెబ్బకి మర చెడదు. పెడలు చేతి కింద బలమైన ఇనప గొట్టం నిలబెట్టి అప్పుడు కొట్టాలి. లేకపోతే దెబ్బంతా లోపలి కప్పులకి తగులుతుంది. కొట్టకుండా నొక్కి తీసే బిగింపు పరికరం దొరికితే ఇంకా మంచిది.

ఎడమవైపు రెండు పానాలు కావాలి. బయట గాట్లున్న రింగుకి కొక్కెం పానా, లోపలి కప్పు చిల్లుల్లో దూరడానికి రెండు మొనల పానా. ఈ రెండూ మామూలుగానే, అపసవ్యంగా తిప్పితే వదులవుతాయి.

అసలు చిక్కు కుడివైపు, చైను చక్రం వెనక. అక్కడి కప్పు పల్చగా ఉంటుంది, మామూలు పానా జారిపోతుంది. పైగా దానిది ఎడమ మర. అంటే సవ్యంగా తిప్పితే వదులవుతుంది, అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. మనింట్లో టేబుల్ ఫ్యాను రెక్కల ముందుండే మూత గుర్తుందా? చాలావాటికి అదీ ఇంతే, తిరిగే పనిలో తనంతట తాను ఊడకుండా ఉండాలని. సైకిల్లో ఇరుసు ఒకవైపు తిరుగుతుంటే చుట్టూ ఉన్న కప్పు తెలియకుండా రెండోవైపు జరగాలని చూస్తుంది. మర కూడా అటే ఊడేదైతే కొన్నాళ్లకి వదులైపోతుంది. విమానం తయారుచేసిన రైట్ సోదరులు అంతకుముందు సైకిల్ షాపు నడిపారు. ఊడిరాని పెడలు అని వాళ్లు 1900లో ప్రకటించుకున్నారు. అక్కడా ఉపాయం ఎడమ మరే, కాకపోతే ఎడమ పెడలుకి.

ఇది బ్రిటిష్ పద్ధతి. ఇటలీ, ఫ్రాన్సు సైకిళ్లకి రెండువైపులా కుడి మరే ఉండేది. మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ బ్రిటన్ కంపెనీతో కలిసి పెట్టినదే కాబట్టి, అమ్మ సైకిల్‌కి ఆ వారసత్వమే వచ్చింది. బ్రిటిష్ మరకి అంగుళానికి 24 చుట్లు. రాలీ వాళ్లు మాత్రం తమ సొంతంగా 26 పెట్టుకున్నారు. అందుకే కొత్త కప్పు కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లాలి. బిగించేటప్పుడు మొదటి చుట్లు వేళ్లతోనే ఎక్కాలి, ఎక్కకపోతే అది మనది కాదు.

ఆ పల్చటి పానా మా ఊళ్లో దొరకలేదు. దానికి పాత మెకానిక్కుల ఉపాయం ఒకటుంది. కప్పు రంధ్రంలో పట్టే లావు బోల్టుని బయటినుంచి దూర్చి, రెండువైపులా వాషర్లు వేసి, లోపల నట్టు బిగించాలి. నట్టుని పట్టుకుని బోల్టు తలని సవ్యంగా తిప్పుతూ పోతే, బోల్టు బిగిసే దిక్కూ కప్పు ఊడే దిక్కూ ఒకటే అవుతుంది. బోల్టు బాగా బిగిశాక కప్పు దానితోపాటే తిరుగుతుంది. నేనూ మా అమ్మాయీ పొడవాటి పానా పట్టి మూడోసారి బలంగా లాగేసరికి కిర్రుమని కదిలింది. ఫ్రేము మరకి ఏమీ కాలేదు. కప్పు లోపల గుంటలు పడ్డాయి కాబట్టి తీశాం. టార్చి వేసి చూస్తే నున్నగా కనబడే కప్పుని తియ్యనక్కర్లేదు, ఉన్నచోటే తుడిచి గ్రీజు పెడితే చాలు.

1896లో మరియా వార్డ్ అనే ఆవిడ న్యూయార్క్‌లో ఆడవాళ్ల కోసం సైకిల్ పుస్తకం వేసింది. తొక్కడం నేర్పి ఊరుకోలేదు, పనిముట్ల గురించి కూడా రాసింది. సూదీ కత్తెరా పట్టిన చేతికి పానా బరువు కాదని ఆవిడ నమ్మకం. మన పక్కనే, తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలాదిమంది ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. నీళ్లకీ, పనికీ, పిల్లల్ని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునీ వెళ్లారు. మా అమ్మ ఏళ్ల తరబడి రోజూ మైళ్లకి మైళ్లు తొక్కింది. కానీ పెడలు కిర్రుమంటే షాపు ముందు బల్ల మీద కూర్చుని ఎదురుచూసేది. కుట్టు మిషను డ్రాయర్‌లో స్క్రూడ్రైవరూ నూనె డబ్బా పెట్టి ఇచ్చారు మనకి. సైకిల్ ఇచ్చినవాళ్లు పానా మాత్రం ఇంట్లో మగవాళ్ల చేతికే ఇచ్చారు.

మీ ఇంట్లోనూ అమ్మదో అత్తయ్యదో పాత సైకిల్ ఉంటే, పాత ఇనుము వాణ్ని పిలిచేముందు షాపులో మూడు అడగండి. కాటర్ కింద ఊతం పెట్టి కొడతావా? కుడివైపు కప్పు ఎటు తిప్పి తీస్తావు? దానికి పానా ఉందా? రెండో ప్రశ్నకి టక్కున జవాబు చెప్పేవాడి చేతిలో సైకిల్ పెట్టండి. అలాంటివాడు దొరక్కపోతే ఒక లావు బోల్టు, నట్టు, రెండు వాషర్లు కొనుక్కుని ఇంటికి రండి.