లండను మేయరు పదవి పుట్టుక

నార్మన్ ప్రభువైన విలియము ఇంగ్లండును జయించిన మరుసటి యేట, 1067 ప్రాంతమున, లండను పౌరుల కభయమిచ్చుచు వ్రాయించిన చిన్న చర్మపత్ర మొకటి నేటికిని ఆ నగర భాండారమున పదిలముగా నున్నది. అందు రాజు సంబోధించినది బిషప్పును, పోర్ట్‌రీవ్ అను రాజోద్యోగిని, పురజనులను. మేయరను పేరే లేదు. రాజు పక్షమున పన్నులు దండి, తగవులు తీర్చు ఉద్యోగులే నాటికి నగరమునకు పెద్దలు.

శతాబ్దమునకు పైగా గడచిన పిమ్మట, సింహహృదయుడని పేరొందిన రిచర్డు క్రూసేడు యుద్ధమునకు తరలిపోయి యుండగా, అతని తమ్ముడు జానునకును రాజ్యభారము వహించిన లాంగ్‌షాంపునకును కలహము చెలరేగినప్పుడు, తమ మద్దతునకు తగిన వెల రాబట్టు నదను ఎఱిగిన లండను పెద్దలు 1191లో కమ్యూన్ అను స్వపరిపాలన సంఘమును అంగీకరింపజేసికొనిరి. ఎంత వెండి గ్రుమ్మరించినను రిచర్డు గాని అతని తండ్రి గాని దీనికి సమ్మతించి యుండరని వించెస్టరు సన్న్యాసి యొకడు వ్రాసెను. ఆ మాటలో అక్కసెంత యున్నదో సత్యమును అంతయే యున్నదని నాకు తోచును. ఆ కాలముననే హెన్రీ ఫిట్జ్-ఐల్విన్ ప్రథమ మేయరుగా కనబడుచున్నాడు. చెరజిక్కిన రిచర్డును విడిపించుటకై 1193లో కూడబెట్టిన ధనమునకు కాపుదార్లుగా నియమితులైన వారిలో ఈయన యొకడు. ఏటేట ఎన్నిక యను పద్ధతి అప్పటికి లేదు గనుక 1212లో మరణించు వఱకు ఈయనయే మేయరు.

ఏటేట ఎన్నుకొను హక్కును వ్రాసి యిచ్చినవాడు, అప్పటికి రాజై, బారన్ల తిరుగుబాటుతో దిక్కుతోచక యున్న జాను ప్రభువు. 1215 మే 9న ఇచ్చిన శాసనములో, పౌరులు ఏటేట మేయరును ఎన్నుకొనవచ్చుననియు, ఎన్నికైనవాడు రాజు నెదుట గాని ఆయన ప్రధాన న్యాయాధికారి యెదుట గాని నిలిచి విధేయతా ప్రమాణము చేయవలెననియు నిర్ణయింపబడెను. వరము పొందిన కృతజ్ఞత ఎంతటిదో గాని, మే 17న నగరద్వారములు తిరుగుబాటుదార్లకే తెఱువబడినవి! తిరుగుబాటుదార్లు జానుచేత ఒప్పించుకొన్న మాగ్నా కార్టా యను హక్కుల పత్రపు అమలును కాచుటకు నియమితులైన ఇరువదియైదుగురిలో మేయరును ఒకడయ్యెను. ప్రమాణము కొఱకు వెస్టుమినిస్టరునకు పోవు ఆ యాత్రయే క్రమముగా పెరిగి, నేడు నవంబరులో కన్నులపండువుగా సాగు లార్డు మేయరు ఊరేగింపైనది.

మేయరు నగరమువాడా, రాజువాడా యను ప్రశ్న మాత్రము మిగిలియే యుండెను. 1285లో మొదటి ఎడ్వర్డు న్యాయాధికారులు టవరు కోటలో విచారణకు రమ్మని పిలువగా, మేయరు గ్రెగరీ రోక్స్‌లీ మేయరుగా వచ్చుటకు నిరాకరించి, కోట చెంతనున్న చర్చిలో అధికారచిహ్నములు తీసివైచి, నగరముద్రను స్టీఫెన్ ఎస్వీ యను తోటి పౌరుని చేతి కప్పగించి, సామాన్య పౌరునివలె లోనికి పోయెను. లోన కూర్చున్నవారు ఈ చమత్కారమునకు మురియలేదు. నగరము రాజు వశమై, 1298 వఱకు మేయరన్నదే లేకపోయెను, రాజు నియమించిన వార్డెన్లే పాలించిరి.

ఈ పదవియే శతాబ్దముల పిమ్మట సముద్రము దాటి చెన్నపట్టణము చేరెను. 1688లో అచట నతానియేల్ హిగ్గిన్సన్ తొలి మేయరు కాగా, ఆల్డర్మన్లలో చిన్న వెంకటాద్రి వంటి హిందూ వర్తకులును కూర్చుండిరి. అయితే లండనువారు రాజుతో బేరమాడి గడించుకొన్నదానిని ఇచట ఈస్టిండియా కంపెనీ తానై యొసగెను. పట్టణపు ఖర్చులకు జనుల చేతనే పన్ను కట్టించుట సులభమగునని కంపెనీ పెద్ద జోషయా చైల్డు వేసిన లెక్క అందులకు మూలము.