మంచు లేని నెలల్లో మంచు హాకీ

మంచు హాకీ చలిదేశాల శీతకాలపు క్రీడ అయినప్పటికీ, ఆ ఆటకు బాలబాలికలను సిద్ధం చేసే పనిలో కొంత భాగం నేడు వేసవి శిబిరాలలో జరుగుతున్నది. నాలుగు గోడల మధ్య నిర్వహించిన తొలి పోటీగా చరిత్రకారులు గుర్తించే ఆట 1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో జరగగా, ఆ తరువాత దాదాపు ఒక శతాబ్దం పాటు కెనడాలో వేసవిని ఆటకు విరామకాలంగానే పరిగణించారు. వృత్తి ఆటగాళ్లలో అనేకులు ఆ నెలల్లో వేరే పనులు చేసుకుని, శరద్రుతువు ఆరంభంలో జట్టు శిబిరానికి చేరిన తరువాతే దేహదారుఢ్యం మీద దృష్టి పెట్టేవారు.

ఈ అలవాటుకు సవాలు మంచు సమృద్ధిగా ఉన్న రింకుల నుంచి కాక, వాటి కొరత నుంచి వచ్చింది. సోవియట్ యూనియన్‌లో పక్‌తో, అంటే గట్టి రబ్బరు బిళ్లతో ఆడే ఈ హాకీకి జాతీయ పోటీలు 1946 డిసెంబరులో మొదలయ్యాయి. అంతకుముందు అక్కడ విశాలమైన మంచు మైదానంలో బంతితో ఆడే బాండీ అనే ఆటే ప్రచారంలో ఉండేది. కృత్రిమంగా గడ్డకట్టించిన మంచు తొలి సంవత్సరాలలో అరుదు కనుక, మాస్కోలో సైన్యపు క్రీడాసంఘానికి శిక్షకుడైన అనతోలీ తరాసోవ్ మంచు మీద అవసరమయ్యే నేర్పులో చాలా భాగాన్ని నేల మీదనే అలవరచే పద్ధతిని పెంపొందించారు. పరుగు, బరువులెత్తడం, పిల్లిమొగ్గలు, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అన్నీ అందులో భాగమే. ఈ పొడినేల సాధన కండబలం కోసం మాత్రమే కాదు. ఒకరి కదలికను మరొకరు ముందే ఊహించి, బంతిని లేదా పక్‌ను తోటివానికి అందించే సమష్టి బుద్ధి దాని అసలు లక్ష్యం. టొరంటోకు చెందిన లాయిడ్ పెర్సివల్ 1951లో ప్రచురించిన హాకీ శిక్షణ గ్రంథాన్ని స్వదేశంలోని వృత్తి క్రీడారంగం పెద్దగా పట్టించుకోకపోగా, దానికి తాను ఎంతో రుణపడి ఉన్నానని తరాసోవ్ స్వయంగా అంగీకరించడం ఈ చరిత్రలో అత్యంత ఆలోచింపజేసే విషయం.

పిల్లల కోసం 1964లో ప్రారంభమైన ‘జలతాయా షాయ్‌బా’ (బంగారు పక్) పోటీల వెనుక కూడా తరాసోవ్ కృషి ఉంది. ఆయన చేతికింద ఎదిగిన గోల్‌కీపర్ వ్లాదిస్లావ్ త్రెత్యాక్ కౌమారంలో ఎక్కడికి వెళ్లినా టెన్నిస్ బంతిని వెంట ఉంచుకుని, ఎగరవేసి పట్టుకోవలసి వచ్చేది. చేతివేగంతో పాటు ఎడతెగని ఏకాగ్రతను అలవరచిన ఆ చిన్న నియమంలో తరాసోవ్ బోధన సారమంతా కనిపిస్తుంది.

1972 సెప్టెంబరు 2న మాంట్రియల్‌లో, ఎనిమిది ఆటల పోటీ తొలిరోజున, సోవియట్ జట్టు కెనడా వృత్తి ఆటగాళ్లను 7-3తో ఓడించింది; చివరకు కెనడాయే స్వల్ప ఆధిక్యంతో గెలిచినా, వేసవి సాధన విలువపై చర్చకు ఆ ఓటమి కొత్త బలమిచ్చింది. ఆ దశకం తొలినాళ్లలోనే ఒంటారియోలోని ఒరిలియాలో వృత్తి ఆటగాళ్లు బాబీ ఓర్, మైక్ వాల్టన్ నడిపిన శిబిరం వంటివి కెనడా బాలలకు వేసవిలో హాకీ నేర్పుతుండేవి.

వేసవి సాధనలో నేర్పుతో పాటు నాయకత్వానికీ చోటుంది; ఆ విషయంలో 1979 వేసవి ప్రత్యేకంగా పేర్కొనదగినది. అమెరికా ఒలింపిక్ జట్టు కోసం కొలరాడో స్ప్రింగ్స్‌లో యువకులను పరీక్షించిన శిక్షకుడు హెర్బ్ బ్రూక్స్, వ్యక్తిగత ప్రతిభ ఒక్కటే కొలమానం కారాదని, కలిసి ఆడగల మనస్తత్వం కూడా ఉండాలని పట్టుబట్టారు. ఆ జట్టుకు నాయకుడైన మైక్ ఎరుజియోనీ అందరికంటే నేర్పరి కాకపోయినా సహచరుల విశ్వాసం పొందినవాడు. 1980 ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్‌లో సోవియట్ జట్టుపై 4-3 గెలుపును సాధించిన గోల్ ఆయనదే. ఆ ఆటలో మొదటి విరామం తరువాత గోల్ నుంచి తప్పించబడిన త్రెత్యాక్, 1990 దశకంలో షికాగో జట్టు గోల్‌కీపర్లకు శిక్షకుడై, తాను మాస్కోలో నేర్చిన విద్యను ఉత్తర అమెరికాలో బోధించారు.