సుద్దముక్కతో మొదలైన గోడలు

1980 నాటి న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో గడువు తీరిన ప్రకటనల మీద సిబ్బంది నల్ల కాగితం అంటించేవారు. కొత్త ప్రకటన వచ్చేదాకా ఆ చోటు అలాగే ఖాళీగా ఉండేది. ఆ నల్లటి ఖాళీ కీత్ హేరింగ్ అనే 22 ఏళ్ల యువకుడి కంట పడింది. అతను మెట్లెక్కి వీధిలోకి వెళ్లి, తెల్ల సుద్దముక్కలు కొనుక్కుని తిరిగొచ్చి బొమ్మ గీశాడు. ఆ అలవాటు 1985 దాకా సాగింది. కొన్నిసార్లు ఒక్క రోజులోనే నలభై బొమ్మల దాకా గీసేవాడు.

పోలీసు కంట పడేలోపు బొమ్మ పూర్తి కావాలి. సుద్దతో గీసింది చెరిపి దిద్దడం కుదరదు. హేరింగ్ శైలి ఆ తొందరలోనే తయారైంది: ఒకే మందంలో సాగే గీత, నీడలు లేని ఆకారాలు, దూరం నుంచి చూసినా తెలిసిపోయే కదలిక. ఒంటి చుట్టూ కిరణాలతో పాకే పసిబిడ్డ, మొరిగే కుక్క, ఎగిరే పళ్లేలు మళ్లీ మళ్లీ వచ్చేవి. అర్థమేమిటని దారినపోయేవాళ్లు అడిగితే చెప్పేవాడు కాదు. అర్థం చూసుకోవడం వాళ్ల వంతు అనేవాడు. అడిగినవాళ్ల చేతిలో పసిబిడ్డ బొమ్మ ఉన్న బ్యాడ్జీ పెట్టేవాడు. పోలీసులు అతన్ని చాలాసార్లు పట్టుకున్నారు. రోజు చివర ఏయే స్టేషన్లలో గీశాడో స్నేహితుడు సెంగ్ క్వాంగ్ చీకి చెబితే, అతను వెళ్లి ఫొటోలు తీసేవాడు. ఆ ఫొటోలే లేకపోతే ఆ బొమ్మల్లో చాలావాటి సంగతి ఈనాడు ఎవరికీ తెలిసేది కాదు.

అతని చేయి తిరిగింది మాత్రం ఇంట్లోనే. హేరింగ్ 1958 మే 4న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని రెడింగ్‌లో పుట్టాడు, దగ్గర్లోని కట్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి ఆలెన్ సరదాగా కార్టూన్లు గీసేవాడు, కొడుకుకూ నేర్పాడు. పిట్స్‌బర్గ్‌లో కమర్షియల్ ఆర్ట్ చదువులో చేరినా అది నచ్చక వదిలేశాడు. 1978లో న్యూయార్క్ వచ్చి స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో చేరాడు. అప్పటికి ఆ నగరంలో రైలు పెట్టెల నిండా కుర్రాళ్లు స్ప్రే రంగులతో రాసిన పేర్లే. చాలామంది దాన్ని మురికిగా చూశారు. హేరింగ్ మాత్రం ఆ చేతుల్లోని నేర్పును చూశాడు.

ఆ కుర్రాళ్లలో ఒకడు ఏంజెల్ ఓర్టిజ్. వీధిలో అతని సంతకం ఎల్ఏ టూ. ఇంకా పాఠశాల వయసు దాటని అతనితో కలిసి హేరింగ్ ఎన్నో చిత్రాలు చేశాడు. ఆ చిత్రాల్లో హేరింగ్ ఆకారాల మధ్య ఖాళీలను నింపిన మెలికల గీతల్లో చాలావరకు ఓర్టిజ్ చేతివి. హేరింగ్ పోయాక ఏళ్లపాటు ఆ పేరు మరుగున పడిపోయింది. వీధి నుంచి నేర్చుకున్న కళాకారుడి కథ చెప్పేటప్పుడు ఆ వీధికి చెందిన కుర్రాడి పేరు వదిలేయడం అన్యాయం.

1982లో టోనీ షఫ్రాజీ గ్యాలరీలో జరిగిన ప్రదర్శనతో హేరింగ్ పేరు మోగింది. అతని చిత్రాల ధరలు పెరిగాయి. దాంతో సబ్‌వే కాగితాలను జనం చించుకుపోయి అమ్ముకోవడం మొదలుపెట్టారు. స్టేషన్లలో గీయడం అతను మానేయడానికి అదే ముఖ్య కారణం. 1986లో లఫాయెట్ వీధిలో పాప్ షాప్ తెరిచి, తన బొమ్మలున్న చొక్కాలు, బ్యాడ్జీలు తక్కువ ధరకు అమ్మాడు. కళను సరుకు చేశాడని కొందరు విమర్శకులు మండిపడ్డారు. కానీ 1982 నుంచి 1989 దాకా అతను చేసిన యాభైకి పైగా బహిరంగ చిత్రాలను చూస్తే ఆ విమర్శ నిలవదు. వాటిలో ఎన్నో ఆసుపత్రుల కోసం, పిల్లల సంరక్షణ కేంద్రాల కోసం, అనాథాశ్రమాల కోసం వేసినవి.

1986 వేసవి నాటికి క్రాక్ కొకైన్ న్యూయార్క్‌ను పీడిస్తోంది. స్టూడియోలో తనకు సాయపడే యువకుడే ఆ మత్తుకు బానిస కావడం హేరింగ్‌ను కలచివేసింది. ఈస్ట్ హార్లెమ్‌లో హైవే పక్కనున్న ఒక హ్యాండ్‌బాల్ కోర్టు గోడ మీద, అనుమతి అడగకుండా, క్రాక్ చెత్త అని అర్థం వచ్చేలా ‘క్రాక్ ఈజ్ వాక్’ అని పెద్ద అక్షరాలతో బొమ్మ వేశాడు. పోలీసులు కేసు రాశారు. పత్రికలు అతని పక్షాన నిలబడ్డాయి. చివరికి చిన్న జరిమానాతో సరిపోయింది. ఆ తర్వాత ఎవరో ఆ బొమ్మను క్రాక్‌ను మెచ్చుకునేలా మార్చేస్తే, పార్కుల శాఖ సిబ్బంది దాని మీద రంగు పూసేశారు. అయితే అదే శాఖ ఆ శరదృతువులో అతన్ని మళ్లీ పిలిచింది. ఈసారి అనుమతితో గోడకు రెండు వైపులా వేశాడు. 2019లో మరమ్మతు చేసిన ఆ గోడ ఇప్పటికీ అక్కడే ఉంది.

1986 అక్టోబరులోనే బెర్లిన్ గోడ మీద పసుపు నేలపై నలుపు, ఎరుపు మనుషుల్ని గొలుసుగా కలిపి గీశాడు. అవి రెండు జర్మనీల జెండా రంగులే. కొద్దిరోజుల్లోనే ఇతరులు దాని మీద వేరే బొమ్మలు వేసేశారు.

1988లో తనకు ఎయిడ్స్ ఉందని హేరింగ్‌కు తెలిసింది. ఆ పేరెత్తడానికే జనం జంకుతున్న రోజుల్లో అతను పత్రికా ఇంటర్వ్యూలో బహిరంగంగా మాట్లాడాడు. 1989 ఫిబ్రవరిలో బార్సిలోనాలోని రవల్ పేటలో, మాదకద్రవ్యాల సూదులు దొరికే చోట, అందరం కలిసి ఎయిడ్స్‌ను ఆపగలమన్న మాటతో ఎర్ర రంగు బొమ్మ వేశాడు. ఆ ఏడే పిల్లల కోసం, ఎయిడ్స్ బాధితుల కోసం పనిచేసేలా ఒక ఫౌండేషన్ స్థాపించాడు. జూన్‌లో ఇటలీలోని పీసా వెళ్లాడు. న్యూయార్క్ వీధిలో అతన్ని కలిసిన ఒక ఇటలీ విద్యార్థి పిలుపుతో మొదలైన పని అది. సాంత్ ఆంతోనియో చర్చి ఆశ్రమం వెనుక గోడ, 180 చదరపు మీటర్లు. ముందుగా నమూనా వేసుకోకుండానే 30 ఆకారాల నల్ల గీతలు గీశాడు. రంగులు నింపడానికి విద్యార్థులు, పనివాళ్లు తోడయ్యారు. వారంలో ముగిసింది. ‘తుత్తొమోందో’ అని పేరు పెట్టాడు. లోకమంతా అని అర్థం. ఇది మాత్రం నిలిచిపోవాలన్న ఉద్దేశంతోనే వేశాడు. 1990 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. వయసు 31.

అతను లేని గోడలను ఏం చేయాలన్నది పెద్ద చిక్కు. 1984లో మెల్‌బోర్న్‌లోని కాలింగ్‌వుడ్ పాఠశాల గోడ మీద ఒకే రోజులో వేసిన బొమ్మ వెలిసిపోతే, కొత్తగా రంగులు వేయాలని కొందరు, అతని చేతి గీతను ముట్టుకోకూడదని కొందరు ఏళ్లపాటు వాదించుకున్నారు. చివరికి 2013లో పాత రంగును కాపాడుతూ శుభ్రం చేశారు. ఆ నిర్ణయమే సరైనది. అంత వేగంగా, తడబాటు లేకుండా సాగిన గీతను మరో చేయి అనుకరిస్తే మిగిలేది నకలే. బార్సిలోనాలో గోడనే కూల్చేయడంతో వేరే దారి లేకపోయింది. ముందుగా తీసుకున్న నకలుతో ఆ బొమ్మను మరోచోట మళ్లీ వేశారు.

న్యూయార్క్‌లో కథ వేరు. గ్రేస్ హౌస్ అనే యువజన కేంద్రం మెట్ల దారిలో అతను వేసిన బొమ్మను గోడతో సహా కోసి తీసి, 2019లో వేలం వేస్తే 38 లక్షల డాలర్లకు పైగా పలికింది. 2024లో 31 సబ్‌వే సుద్ద బొమ్మలు వేలంలో 90 లక్షల డాలర్లు దాటాయి. రోడ్డున పోయే ఎవరైనా చూడాలని గీసినవి అవి.

పారిస్‌లో నెకెర్ పిల్లల ఆసుపత్రి బయటి మెట్ల గోపురం మీద 1987లో వేసిన 27 మీటర్ల బొమ్మ మాత్రం అమ్మకానికి రాలేదు. దాన్ని ఆనుకుని ఉన్న పాత భవనం కూల్చినా గోపురాన్ని అలాగే ఉంచి, 2017లో మరమ్మతు పూర్తి చేశారు. ఆసుపత్రికి వచ్చే పిల్లలు టికెట్టు లేకుండానే దాన్ని చూస్తున్నారు.