కలము, సిరా, కాలము

ఆదివారము ఉదయమున మేము నలుగురైదుగురు మిత్రులము ఒకచోట కూడి, ఎవరి ఫౌంటెన్ పెన్నులు వారు బల్లపై పరతుము. ఒకే వాక్యమును ఒకే కాగితముపై కలము మార్చి, సిరా మార్చి వ్రాసి చూతుము. చూచువారికి ఇది పనిలేనివారి వినోదముగా తోచవచ్చును. ఆ గీతలను పోల్చుచుండగా మాకు వాని వెనుకనున్న చరిత్ర తెలియవచ్చినది.

తాటాకుపై వ్రాసిన మన పూర్వులు గంటముతో గీచి, ఆ గీతలలో మసి పూసి అక్షరములను తేల్చెడివారు. కాగితము వాడుకలోనికి వచ్చిన పిదప సిరా అవసరమైనది. కరక్కాయల కషాయమున అన్నభేది కలిపి నల్లని సిరా చేసికొనెడివారు. ఐరోపావారు కరక్కాయకు బదులు మాచికాయ వాడిరి. రెండింట జరుగు పని యొక్కటే. కాయలోని వగరు ఇనుముతో కలిసి, గాలి సోకినకొలది నల్లబడి, కాగితమును గట్టిగా పట్టుకొనును.

అయినను పాళీని మాటిమాటికి బుడ్డిలో ముంచక తప్పెడిది కాదు. కడుపులో సిరా నింపుకొను కలములు పూర్వమును కలవు. కాని అవి ఒకప్పుడు కారును, ఒకప్పుడు నడువక మొండికెత్తును. సిరా దిగవలెనన్న దాని చోటికి గాలి పోవలెను గదా! 1884లో న్యూయార్కు నగరమున లూయీ వాటర్‌మన్ పేటెంటు పొందిన కలమున, పాళీ క్రింద నాలుకవంటి ముక్కకు సన్నని గాడులు అమర్చబడెను. సిరా క్రిందికి దిగుటయు, గాలి పైకి పోవుటయు అచ్చటనే క్రమపడినవి.

ఆ కలము మనకు విదేశీ వస్తువుగానే చేరినది. స్వరాజ్యము కోరి వ్రాయు చేతిలో పరదేశపు కలము! ఈ కొరతను తీర్చుటకు రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నంగారు పూనుకొని, 1932లో కలముల తయారీ నెలకొల్పిరి. వారు పంపిన కలమును వాడి చూచి, అది విదేశీ కలములకు బదులుగా చక్కగా పనికివచ్చునని 1935 జులైలో గాంధీజీ వారికి జాబు వ్రాసిరి. గంధకముతో గట్టిపరచిన రబ్బరు, అనగా ఎబొనైటు కడ్డీని తరిమెన పట్టి చేసిన ఆ ఊరి కలము చేతిలో తేలికగా నిలుచును. సిరా విషయమునను ఇట్టి సంకల్పమే కలిగి, 1934లో బెంగాలున మైత్ర సోదరులు సులేఖ సిరాను ప్రారంభించిరి.

ఇక రంగుల మాట. ఉతికిన పోవు నీలిసిరా కంటికి కాంతిగా నుండును, కలమునకు హాని చేయదు. ఇనుము కలిసిన నీలి-నలుపు సిరా వ్రాయునపుడు నీలముగా నుండి, మరునాటికి నల్లబడును. మాకు చిరకాలము మొదటిదే ప్రియము.

ఒక వర్షాకాలమున మాలో ఒకరి యింట తాతగారి జాబుల పెట్టె తడిసినది. నీలి-నలుపు సిరాతో వ్రాసిన జాబులను ఆరబెట్టి చదువుకొనగలిగితిమి. నీలిసిరాతో వ్రాసిన వానిలో మరకలు మాత్రమే మిగిలినవి. అవి ఆయన తన భార్యకు వ్రాసినవి. వానిలో ఏమున్నదో చెప్పుటకు ఆ యింట ఇప్పుడెవరును లేరు.

నాటినుండి మేము క్రొత్త సిరా చేతికి వచ్చిన వెంటనే రెండు గీతలు గీతుము. ఒకదానిపై నీటిబొట్టు విడుతుము. రెండవదానిని సగము కప్పి కిటికీకడ ఎండకుంచి, కొన్ని వారములకు చూతుము. ఫలితమును నోటుపుస్తకమున వ్రాసికొందుము. నీలి-నలుపు సిరాలో ఆమ్లముండును గనుక అది ఉక్కుపాళీని తినివేయవచ్చును. బంగారుపాళీ దానికి తట్టుకొనును. ఏ పాళీయైనను, ఆ సిరా కలమున ఎండకముందే చన్నీట కడుగవలెను.

ఎరుపు, ఆకుపచ్చ, ఊదా సిరాలపై మా మక్కువ తగ్గలేదు. చీటీలకు, లెక్కలకు ఏ రంగైనను చాలును. ఇంటివారికి జాబు వ్రాయునపుడు మాత్రము మా చేయి నీలి-నలుపు బుడ్డివైపే పోవుచున్నది.