మాంత్రికుడు లేని భయం: కథాసంపుటి చిత్రాలు, తెలుగు నవలా చిత్రాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఒకే రచయిత కథలను గుదిగుచ్చి తీసిన భయానక చిత్రాలను తెలుగు ధారావాహిక నవలల నుండి వచ్చిన చిత్రాలతో పోల్చి, భయానికి కారకులెవరన్న ప్రశ్నను రచనారూపం ఎట్లా మారుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: భయానకం, కథాసంపుటి, ధారావాహిక నవల, బాణామతి

1. ఉపోద్ఘాతం
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసర పల్లెల్లో భయం రెండు రకాలుగా వినిపిస్తుంది. ఒకటి కొరివిదెయ్యం, గాలి సోకడం. రెండవది చేతబడి, బాణామతి. మొదటిదానికి కారణం చనిపోయినవారు. రెండవదానికి బతికున్న మనిషి, తరచుగా పొరుగింటి మనిషే. దెయ్యాన్ని ఎవరూ కొట్టలేరు. బాణామతి చేశారన్న అనుమానంతో మాత్రం తెలంగాణ పల్లెల్లో మనుషులను చెట్టుకు కట్టి కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. అందువల్ల భయానక సాహిత్యం ఈ రెండింటిలో దేనిని ఎంచుకున్నదనేది రసచర్చకు మాత్రమే పరిమితమైన విషయం కాదు.

2. కథల నుండి తెరకు
సత్యజిత్ రాయ్ 1961లో రవీంద్రుని మూడు కథలతో ‘తీన్ కన్య’ తీశారు. అందులో ‘మణిహార’ ఒక్కటే దెయ్యం కథ. నగలపై మోహంతో భర్తను కూడా నమ్మలేకపోయిన మణిమాలిక, మరణానంతరం నగ కోసమే తిరిగివస్తుంది. ఈ కథ చెప్పే బడిపంతులు ఎదుట కూర్చుని విన్నవాడు చివరకు తానే ఆ భర్తనని చెప్పి మాయమవుతాడు. 1964లో జపాన్ దర్శకుడు మసాకి కొబయాషి, లాఫ్కాడియో హెర్న్ తిరిగి చెప్పిన నాలుగు కథలతో ‘క్వైదాన్’ తీశారు. 1965 కాన్ చిత్రోత్సవంలో దానికి ప్రత్యేక జ్యూరీ బహుమతి లభించింది. అందులోని తొలి కథలో, సంపద కోసం భార్యను విడిచిన సమురాయి తిరిగివచ్చి తన తప్పునే ఎదుర్కొంటాడు.

ఈ రెండు కథల్లోనూ ప్రయోగం చేసినవారు లేరు. భయం ఆయా పాత్రల లోభం నుండి, ద్రోహం నుండి పుడుతుంది. కథ చిన్నది కనుక శత్రువును వెతికి శిక్షించే అవకాశం దానికి లేదు.

3. తెలుగు దారి
శవాన్ని భుజాన వేసుకున్న రాజుకు బేతాళుడు కథలు చెప్పే చట్రం తెలుగు పాఠకులకు చందమామ ద్వారా సుపరిచితం. మూలకథలో మాంత్రికుడున్నాడు, కాని అతడు రాజునే వంచించిన బలవంతుడు, ఊరి చివర దిక్కులేని ముసలమ్మ కాదు. బేతాళుని ప్రతి కథా తీర్పు కోరే ప్రశ్నతో ముగుస్తుంది.

ఇంతటి చట్రం చేతిలో ఉన్నా, 1980లలో తెలుగు భయానకం మరో దారి పట్టింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. 1985లో కన్నడంలో ‘తులసీదళ’గా తెరకెక్కింది. దాని కొనసాగింపైన ‘తులసి’ ఆధారంగా 1986లో తెలుగులో ‘కాష్మోరా’ వచ్చింది. వారం వారం ఉత్కంఠ నిలపాలంటే ఎదురుదాడి చేయగల ప్రతినాయకుడు కావాలి. ఆస్తి కోసం పసిపాపపై ప్రయోగం చేయించేవారు, చేసే మాంత్రికుడు ఆ అవసరాన్ని తీర్చారు. నవలలో వైద్యుల వివరణ కూడా మంత్రవాదంతో సమానంగా నడుస్తుంది. అయితే చదువరి మనసులో నిలిచిపోయిన పదం ‘కాష్మోరా’యే.

అనేక కథల భయానక చిత్రాన్ని తెలుగువాడైన రామ్‌గోపాల్ వర్మ 2003లో నిర్మించారు. ‘డర్నా మనా హై’ అనే ఆ చిత్రం హిందీలో వచ్చింది, ఏ ఒక్క రచయిత కథలకూ అనుసరణ కాదు.

4. ముగింపు
నవలలు, చిత్రాలే దాడులకు కారణమని ఈ వ్యాసం వాదించడం లేదు. బాణామతి భయం వాటికంటే పాతది. కాని ధారావాహిక రూపం ‘ఎవరు చేశారు?’ అని అడుగుతుంది. కథ ‘ఏ తప్పు వెంటాడుతున్నది?’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్న మన పల్లెల్లో ఇప్పటికే ఎందరినో బలి తీసుకున్నది. రెండవ ప్రశ్న మనిషిని తనవైపు తాను చూసుకొనేటట్లు చేస్తుంది. తెలుగు దెయ్యం కథలను సంపుటిగా తెరకు తెచ్చే ప్రయత్నం జరిగితే, దాని విలువను వినోదంతోపాటు ఈ తేడాతో కూడా కొలవాలి.