పదిదినముల భాష - తెలుగు గుణింతము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమున నున్న చెరుకుపల్లిలో నేడొక విద్యార్థి కంప్యూటరుపై ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు అక్షరములు వ్రాసిన ఎవరికిని వింత తోచదు. కాని ఈ శతాబ్ది తొలి యేండ్లలో తెలుగువారు అనేకులు తమ జాబులను ఇంగ్లీషు లిపిలోనే వ్రాసికొనుచుండిరి. ఆ ఇబ్బంది తొలగుటకు తోడ్పడిన జావాస్క్రిప్ట్ అను భాషనుగూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి.

1995 మే నెలలో, అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ దీని తొలిరూపమును పదిదినములలో సిద్ధపరచెను. మొదట మోచా, పిమ్మట లైవ్‌స్క్రిప్ట్ అనిపించుకొని, ఆ డిసెంబరులో ఇది జావాస్క్రిప్ట్ అయినది. జావా అను వేరొక భాషకు గల ప్రసిద్ధినిబట్టి వచ్చిన పేరే గాని, రెండును ఒకటి కావు. అంతకుముందు వెబ్ పుట చాలవరకు అచ్చుకాగితమువంటిది. ఈ భాషతో పాఠకుని యంత్రమందే పుట కదలనేర్చినది.

దీని మూలసూత్రములు కొన్నియే. విలువకు పేరుపెట్టి దాచునది వేరియబుల్. ‘ఇట్లయినచో ఇది, కానిచో అది’ అనునది షరతు. పలుమారులు చేయవలసిన పనిని ఒక పేరున కూర్చినది ఫంక్షన్. మీట నొక్కుటయే ఆ ఫంక్షనునకు పిలుపు. ‘కె’ మీట నొక్కగా వేరియబులులో ‘క్’ నిలుచును. తరువాత ‘ఏ’ మీట వచ్చినచో షరతు ననుసరించి పొల్లు పోయి ‘క’ అగును. మరల ‘ఏ’ వచ్చినచో ‘కా’ అగును. మనము పలకమీద దిద్దిన గుణింతమే ఇది!

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జున ‘పద్మ’ అను ఉపకరణమును రూపొందించిరి. వేరువేరు ఫాంటులలో చిక్కుకొన్న తెలుగును అది యూనికోడు లోనికి మార్చెడిది. దాని ఆధారముననే 2006లో వీవెన్ ‘లేఖిని’ని వెలువరించిరి. పుట తెరచినంతనే ఎవరైనను తెలుగు వ్రాయగలిగిరి.

తొందరపాటు గుర్తులును ఈ భాషలో మిగిలినవి. ‘ఏమియు లేదు’ అను విలువను నీ వర్గమేదని అడిగినచో ‘వస్తువు’ అని బదులిచ్చును. 1997లో ఎక్మా ప్రమాణము వెలువడినను ఈ దోషము పోలేదు. దిద్దినచో అదివరకు వ్రాసిన పుటలు చెడునను భయమే కారణము.

నేర్వగోరువారికి కంప్యూటరు, బ్రౌజరు, సాదా వ్రాతపలక చాలును. తొలిపాఠముగా ‘క’ గుణింతమునే పలికించి చూడుడని మా సూచన.